డిజైనర్ కలెక్షన్‌లో రంగు చూసుకోండి, బట్ట మాత్రం మగ్గం దగ్గర నేయించుకోండి

మీ చెల్లెలికి మాఘమాసంలో పెండ్లి. అమ్మగారు ధర్మవరం పట్టు, ఎర్ర చీర, జానెడు అంచు అంటున్నారు. చెల్లెలేమో పెద్ద డిజైనర్ల కొత్త కలెక్షన్లు ఫోన్‌లో చూపించి లేత రంగు తప్ప కట్టనంటోంది. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఇద్దరికీ సర్దిచెప్పలేకపోతున్నానని రాశారు. ఆ కలెక్షన్లు అంత డబ్బు చేస్తాయా, వాటిని చూస్తే మీకేమనిపిస్తుంది అని అడిగారు.

నేను అనంతపురంలో పెండ్లి చీరల పని చాలా కాలంగా చేస్తున్నాను. ధర్మవరం మగ్గాల మీద ఆర్డర్లిచ్చి నేయిస్తాను. హైదరాబాదులోనో బెంగళూరులోనో డిజైనర్ చీర కొన్నవాళ్లు జాకెట్టు కుట్టించుకోవడానికి నా దగ్గరికి వస్తారు. అందువల్ల రెండు రకాల బట్టనూ మడత విప్పి, తిరగేసి చూసే వీలు నాకుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త కలెక్షన్లలో నిజంగా గొప్పగా ఉన్నవి రెండు: రంగుల ఎంపిక, ఎక్కడ ఆపాలో తెలియడం. ఆ రెండూ చూసి నేర్చుకోవచ్చు, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. నేతకు మాత్రం కట్టాలి, ఆ డబ్బు మగ్గం దగ్గర కడితే మేలు.

ఒక్కొక్క డిజైనర్ గురించి నాకు అనిపించింది చెప్తాను. సంజయ్ గర్గ్ 2008లో రా మ్యాంగో అనే సంస్థ మొదలుపెట్టినప్పుడు మధ్యప్రదేశ్‌లోని చందేరీ నేతను పట్టుకున్నారు. ఆయన చీరల్లో నాకు బాగా నచ్చేది ఖాళీ. చీరంతా ఒకే రంగు, దూరదూరంగా చిన్న బుటా, సన్నటి అంచు. అంత ఖాళీ వదలాలంటే నేత మీద చాలా నమ్మకం ఉండాలి. ఎందుకంటే నిండా జరీ ఉన్న చీరలో చిన్న తప్పు దాగిపోతుంది. ఖాళీ బట్టలో పోగు తెగి ముడి వేసిన చోటు, పేక (అడ్డం పోగు) దెబ్బ ఒకసారి గట్టిగా ఒకసారి మెత్తగా పడిన చోటు వెంటనే కంటికి తగులుతాయి. మీ చెల్లెలు చూపించిన ఫోటోల్లో "సింపుల్‌గా ఉంది, దీనికింత ధరేంటి" అని అమ్మగారు అన్నది ఈ రకం చీరనే అయితే, నేయడం తేలికనుకుని మాత్రం తీసిపారేయొద్దని చెప్పండి.

హైదరాబాదు గౌరంగ్ షా గారి పని చూస్తే నాకు కలిగేది గౌరవం. ఆయన ఎక్కువగా నమ్ముకున్నది జాంధానీ. పువ్వు ఉన్న చోటల్లా విడి పోగును చేత్తో చొప్పించి నేయాలి, అందుకే వెనక వేలాడే పోగులుండవు, రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. రవివర్మ చిత్రాలను ఖాదీ మీద జాంధానీలో నేయించిన మనిషి ఆయన. ఆయన చీరలు ఖరీదైనవే, కానీ అందులో ఎక్కువ భాగం నేత మీదే పెట్టారని బట్ట తిరగేస్తే తెలుస్తుంది. డిజైనర్ చీరే కొనాలి అని మీ చెల్లెలు పట్టుపడితే, ఈ తరహా చీర కొనండి. అలాంటిది మన ధర్మవరంలో నేయరు, ఇక్కడి నేత వేరు.

సబ్యసాచి ముఖర్జీ సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. మీ ఇంట్లో జరుగుతున్న గొడవకు మూలం ఒక రకంగా ఆయనే. 2017 డిసెంబరులో ఇటలీలో అనుష్క శర్మ పెండ్లికి ఆయన చేసిన లేత గులాబీ లెహంగా వచ్చాక, పెండ్లికూతురంటే ఎరుపే అన్న మాట దేశమంతా సడలింది. మా దగ్గరా అంతే. అంతకుముందు లేత రంగు రిసెప్షన్‌కు అడిగేవాళ్లు, తర్వాత ముహూర్తానికీ అడగడం మొదలైంది. కానీ ఆయన పనిలో నాకు నచ్చేది ఆ లేత గులాబీ కంటే ఆయన ఎరుపు. మెరుపు తగ్గించిన ముదురు ఎరుపు, దానికి పాత నగలాంటి మాసిన బంగారు రంగు జరీ. మన షాపుల్లో కనబడే ఎరుపు పసుపుపచ్చ జరీతో కలిసి కళ్లలో కొడుతుంది. అమ్మగారి ఎరుపు మీ చెల్లెలికి నచ్చకపోవడానికి కారణం ఎరుపు కాకపోవచ్చు, పక్కనున్న జరీ కావచ్చు. ఒకసారి ఆ ముదురు ఎరుపు, మాసిన జరీ పక్కపక్కన పెట్టి చూపించండి.

ఆయనకే సంబంధించిన ఇంకో విషయం మీకు పనికొస్తుంది. 2018లో దీపికా పదుకొణె కొంకణీ పద్ధతిలో పెండ్లి చేసుకున్నప్పుడు కట్టిన పట్టుచీర ఆయనదేనని అందరూ అనుకున్నారు. ఆ చీర బెంగళూరులోని అంగడి గ్యాలరియా అనే షాపుది, దీపిక తల్లి ఇచ్చింది అని తర్వాత ఆయనే ప్రకటించారు. అంటే దేశమంతా "డిజైనర్ చీర" అని మెచ్చుకున్నది, ఒక తల్లి షాపుకెళ్లి కూతురికి తెచ్చిన పట్టుచీర. ఇది మీ చెల్లెలికి తప్పకుండా చెప్పండి.

రాహుల్ మిశ్రా దారి వేరు. 2014లో ఉన్ని బట్టల డిజైన్‌కు ఇచ్చే అంతర్జాతీయ ఉల్‌మార్క్ బహుమతి, 2020 జనవరిలో ప్యారిస్ కుట్యూర్ వీక్ అనే ఫ్యాషన్ షోలో ప్రదర్శన, ఇవన్నీ ఆయన ఎంబ్రాయిడరీకి దక్కిన గౌరవం. చూడటానికి అద్భుతంగా ఉంటాయి. పెండ్లిపీటల మీద రెండు మూడు గంటలు కాళ్లు మడిచి కూర్చుని, లేచి, వంగి దండం పెట్టే అమ్మాయికి ఆ బట్ట పనికిరాదు. నిలబడి నడిచేవాళ్లకు చేసిన బట్ట అది. రిసెప్షన్‌కు అలాంటి పనితనం కోరుకుంటే సరే.

ఇప్పుడు అందరి కలెక్షన్లలోనూ కనబడుతున్న పోకడల గురించి. టిష్యూ చీరలు, అంటే పేక మొత్తం జరీ వేసి నేసినవి, దీపం వెలుతురులో చాలా అందంగా ఉంటాయి. కానీ మడత పడ్డ చోట జరీ విరుగుతుంది. బీరువాలో పెట్టి మరిచిపోయే ఇంట్లో ఆ చీర ఉండకూడదు, నెలకు రెండు నెలలకు తీసి మడత మార్చాలి. పట్టు మీద డిజిటల్ ప్రింటు పూలు నాకు ఏమాత్రం నచ్చలేదు. మగ్గం మీద అంత కష్టపడి నేసిన బట్టను కాగితంగా వాడినట్టే అది. ఇక కుచ్చిళ్లు ముందే కుట్టేసి, జిప్పు పెట్టి అమ్మే రెడీ చీరలు. ఆఫీసు ఫంక్షన్‌కు అయితే కొనుక్కోండి. పెండ్లి చీర అలా కోయించొద్దు. కోసిన చీర మీ చెల్లెలి నడుముకే సరిపోతుంది, రేపు ఆమె కూతురు కట్టుకోలేదు. మన ఇండ్లలో అమ్మమ్మ చీర మనవరాలికి వస్తున్నదంటే దానికి కత్తెర తగలకపోవడం వల్లే.

లేత రంగులు మనవి కావు, బొంబాయి పోకడ అని అమ్మగారు అంటున్నారని రాశారు. ఆ మాటకు జవాబు మీ ఊరికి దగ్గరలోనే ఉంది. లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో 16వ శతాబ్దపు పైకప్పు చిత్రాలు చూడండి, తల పైకెత్తి, నిదానంగా, ఒక్కో ఆడమనిషి కట్టిన చీర చూడండి. గళ్లు, చారలు, చిన్న చిన్న పువ్వులు. ఎర్రమన్ను రంగు, గోధుమ ఛాయ, నలుపు, తెలుపు, మట్టి పసుపు. ఇప్పుడు కలెక్షన్ల పేజీల్లో "ఎర్త్ టోన్స్" అని వస్తున్నవన్నీ దాదాపు అక్కడున్నాయి. అంచులు కూడా ఒక్కొక్కటీ ఒక్కో రకం. అక్కడే లతా మండపం స్తంభాల మీద చెక్కిన తీగలు, పువ్వులు, గళ్లు మన చీరల అంచుల్లోకి ఎప్పుడో వచ్చాయి. ధర్మవరంలో "లేపాక్షి డిజైన్" అని అడిగితే తీసి చూపిస్తారు. జిల్లాలు విడిపోయాక 2022 నుంచి ధర్మవరం, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి గానీ, నా వరకు అది ఇప్పటికీ అనంతపురం పట్టే. అమ్మగారిని, చెల్లెలిని ఒక ఆదివారం లేపాక్షికి తీసుకెళ్లండి. ఎన్ని ఫోటోలు చూపించినా తేలనిది అక్కడ తేలుతుంది, ఇద్దరూ ఒకే పైకప్పు చూస్తారు కాబట్టి.

పైగా మన పెండ్లిలో మధుపర్కాలున్నాయి. తెల్లటి బట్ట, ఎర్రటి అంచు. తలంబ్రాల వేళకు పెండ్లికూతురు లేత బట్టలోనే ఉంటుంది, అది ఎవరూ కాదనరు.

ఇక అసలు విషయానికి వస్తాను. ధర్మవరం పట్టులో మొదటి నుంచీ పేరున్నది డబుల్ షేడ్. పడుగు (నిలువు పోగులు) ఒక రంగు, పేక ఇంకో రంగు. కదిలినప్పుడల్లా చీర రంగు మారుతుంది. మీ గొడవ తీర్చే ఉపాయం ఇందులోనే ఉంది. పడుగులో అమ్మగారి ముదురు ఎరుపు పెట్టించి, పేకలో మీగడ తెలుపు వేయించండి. బట్ట దిగాక చూస్తే ఎరుపూ కాదు, తెలుపూ కాదు. ఎదురుగా నిలబడితే మెత్తటి గులాబీ ఛాయ. కుచ్చిళ్లు మడత పడ్డ చోట, మోచేయి దగ్గర బట్ట వంగిన చోట లోపలి ఎరుపు తొంగిచూస్తుంది. కిటికీ దగ్గర పట్టుకుని చేత్తో మెల్లగా వంచితే ఎరుపు ఒక గీతలా పరుగెత్తి మళ్లీ మాయమవుతుంది. ఈ ఛాయ రంగు డబ్బాలో దొరకదు, రెండు పోగులు కలిసిన చోటే పుడుతుంది. అంచు, కొంగు పూర్తి ఎరుపులో, మాసిన జరీతో వేయించండి. అంచును వేరే నాడెతో (పేక పోగును అటూ ఇటూ తిప్పే సాధనంతో) నేసి ఒంటి భాగానికి కలిపే పని తెలిసిన నేతగాడినే అడగండి, లేకపోతే ఒంటి భాగపు పేక అంచులోకి కూడా దూరి అంచు ఎరుపు పలచబడుతుంది.

మొదటిసారి ఇలాంటి రంగు తీసుకెళ్లినప్పుడు నేను ఎప్పుడూ పని ఇచ్చే నేతన్న పోగు చుట్టిన కండెలు చేతిలో పట్టుకుని, "ఇదేం రంగక్కా, ఉతికి ఉతికి పోయినట్టుండాది" అన్నాడు. మూర బట్ట దిగాక అతనే ఇంట్లోవాళ్లను పిలిచి చూపించాడు. వాళ్లకు చెయ్యి రాక కాదు, అడిగేవాళ్లు లేక ఆ రంగులు వేయరు. షాపులవాళ్లు అమ్ముడుపోయే నాలుగు రంగులే తెమ్మంటారు. డిజైనర్ చేసే అసలు పని ఇదే, అడగడం. మీరూ అడగొచ్చు.

ఖర్చు తగ్గే మార్గం కూడా చెప్తాను. పడుగు ఒక చీరకు పెట్టరు. ఒక పడుగు మీద మూడో నాలుగో చీరలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ దిగుతాయి. మీ ఒక్క చీర కోసం ప్రత్యేకంగా పడుగు పెట్టమంటే భారమంతా మీమీదే పడుతుంది. అందుకే ఒకే ఎర్ర పడుగు మీద పేక మార్చి మార్చి నేయించండి. మీగడ తెలుపుతో పెండ్లికూతురికి, పసుపుతో మీకు (అది నిప్పు రంగులోకి వెళ్తుంది), నెమలి నీలంతో అమ్మగారికి (అది వంగపండు ఛాయ పడుతుంది). ఫోటోలో ముగ్గురూ పక్కపక్కన నిలబడితే మూడు వేర్వేరు చీరలు, కానీ ఒకే ఇంటివని తెలిసిపోతుంది. ఏ కలెక్షన్‌లో కొన్నా ఇది దొరకదు. ఇప్పటికే మగ్గం మీద ఎర్ర పడుగు ఎక్కి ఉన్న ఇల్లు దొరికితే మరీ మేలు.

రంగు తేల్చుకునే ముందు ఒక జాగ్రత్త. డిజైనర్ల ఫోటోలు మెత్తటి పగటి వెలుతురులో తీస్తారు. మన కల్యాణమండపాల్లో వెనక ఎల్‌ఈడీ గోడ, ముందు వీడియోవాళ్ల లైటు. ఆ వెలుతురులో మరీ లేత రంగు తెల్లబడిపోతుంది, ఆల్బంలో చీర రంగే కనబడదు. పోగు నమూనా తెచ్చుకుని ఎండలో ఒకసారి, రాత్రి ట్యూబులైటు కింద ఒకసారి, ఫోన్ ఫ్లాష్ వేసి ఒకసారి ఫోటో తీయండి. అన్నిటిలోనూ నిలిచిన రంగే తీసుకోండి. ఫోన్ తెర మీద చూసి మాత్రం ఖాయం చేయొద్దు.

లేత పట్టుకు పసుపు భయం కూడా ఉంది. తలంబ్రాల పసుపు పడితే అక్కడికక్కడ సబ్బు పెట్టి రుద్దొద్దు, సబ్బు తగిలితే పసుపు ఎర్రబడి మొండి మరక అవుతుంది. పొడిగా దులిపి, నీడలో ఆరేసి, డ్రైక్లీనింగ్‌కు ఇచ్చేటప్పుడు మరక దేనిదో చెప్పండి. సెంటు నేరుగా జరీ మీద కొట్టొద్దు, నల్లబడుతుంది.

జాకెట్టు విషయంలో నేను పూర్తిగా కొత్త కలెక్షన్ల పక్షం. ఇన్నేళ్లుగా మన దగ్గర జాకెట్టంటే వీపంతా మగ్గం వర్క్, భుజాల మీద దేవుడి బొమ్మలు, పూసలు, రాళ్లు. చీరలో జరీ, మెడలో కాసులపేరు, నడుముకు వడ్డాణం, దానిమీద ఈ వర్కు. కంటికి ఆగే చోటుండదు. డిజైనర్లు ఇప్పుడు మోచేతి దాకా సాదా చేతులు, శుభ్రమైన మెడ, అంచు మాత్రమే పెట్టి చూపిస్తున్నారు. నగలున్న ఇంటి పిల్లకు అదే సరైన జాకెట్టు. వర్కు మీద పెట్టే డబ్బు పోగు మీద, జరీ మీద పెట్టండి. బిగుతు కార్సెట్ జాకెట్లు మాత్రం ముహూర్తానికి వద్దు, హోమం ముందు కూర్చున్న పిల్లకు ఊపిరాడాలి. పట్టు జాకెట్టుకు లోపల మెత్తటి నూలు లైనింగ్ వేయించి, రెండు వైపులా కుట్టులో బట్ట వదిలిపెట్టమనండి.

కొనేటప్పుడు చూడాల్సినవి. సిల్క్ మార్క్ ఉంటే పట్టు అసలుదని మాత్రమే అర్థం. చేతిమగ్గం మీద నేసిందా, జరీ ఎలాంటిది అన్నది ఆ గుర్తు చెప్పదు. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. మరమగ్గం నకళ్లు ఈ ప్రాంతంలో నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయి. చేనేతకు కొన్ని రకాలు ప్రత్యేకించిన 1985 చట్టం ఉన్నా, ఫ్యాషన్ షోలో కనబడిన డిజైన్ మరమగ్గం మీద రావడానికి ఎంతో కాలం పట్టదు. మగ్గం దగ్గరికే వెళ్తే ఈ బెంగ ఉండదు. షాపులో అయితే బట్ట రెండు అంచుల దగ్గర సన్నటి సూది గుర్తులున్నాయేమో చూడండి, నేసేటప్పుడు వెడల్పు సాగి ఉండటానికి అడ్డంగా పెట్టే కర్ర కొసల గుర్తులవి. చీర తిరగేసి వెనక పోగులు చూడండి. జరీ ధర పెద్దగా చెప్పినప్పుడు, అందులో వెండి, రాగి, బంగారం ఎంతో చూపే మిషన్ మీద పెట్టించి కాగితం తీసుకోండి. మాసిన రంగు జరీ అడిగినప్పుడు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆ రంగు వెండి జరీలోనూ వస్తుంది, పాలిస్టర్ జరీలోనూ వస్తుంది. బరువు కూడా తూకం వేయించండి. ఎంత బరువైతే అంత మంచిదన్నది పాత లెక్క. మాఘంలో పగలు ఎండ పరవాలేదు గానీ మండపంలో జనం, హోమం వేడి ఉంటాయి. పీటల మీద కూర్చునే పిల్లకు కాస్త తేలికైన చీరే సుఖం.

2024లో న్యూయార్క్‌లో జరిగిన మెట్ గాలా అనే ఫ్యాషన్ వేడుకలో ఆలియా భట్ కట్టిన సబ్యసాచి చీరకు 163 మంది కలిసి మొత్తం 1,965 గంటలు పనిచేశారని లెక్క చెప్పారు. నాకు ఆ లెక్క చెప్పడం నచ్చింది. మీ చీరకూ అడగండి: పడుగు ఎవరు పోశారు, రంగు ఎవరు అద్దారు, నేసింది ఎవరు, ఎన్ని రోజులు పట్టింది. ఆ పేర్లు ఒక కాగితం మీద రాసి చీరతోపాటు పెట్టుకోండి.

టైము సంగతి. నిండు పనితనం ఉన్న చీర మగ్గం మీద పది పదిహేను రోజులైనా తింటుంది, దానికి ముందు రంగు అద్దకం, పడుగు పని ఉంటాయి. వానలు గట్టిగా పడితే గుంట మగ్గాల్లో తేమ చేరి పని ఆగుతుంది. మాఘం పెండ్లికి దీపావళి లోపల రంగు తేల్చి పడుగు ఎక్కించేయండి. జాకెట్టు బట్టకు చీరతోపాటే ఎనభై సెంటీమీటర్లు నేయిస్తారు, చేతులు పొడుగ్గా కావాలంటే మీటరు అని ముందే చెప్పాలి, పడుగు అయిపోయాక చేసేదేమీ ఉండదు.